సీలేరు నైట్ హాల్ట్

మా నాన్న నర్సీపట్నం డిపోలో ఆర్టీసీ డ్రైవరు. రిటైరై తొమ్మిదేళ్లయింది. సర్వీసులో ఎక్కువ భాగం ఘాట్ డ్యూటీయే చేశాడు. మధ్యాహ్నం నర్సీపట్నంలో బయల్దేరి చింతపల్లి, గూడెం కొత్తవీధి, ధారకొండ మీదుగా రాత్రికి సీలేరు చేరడం, బస్సులోనే పడుకోవడం, తెల్లవారుజామున మళ్లీ దిగి రావడం. దాన్నే నైట్ హాల్ట్ అంటారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో చలికాలం అంటే నాన్న మఫ్లరు. ముదురు ఎరుపు రంగు ఉన్ని మఫ్లరు. డ్యూటీ దిగి వచ్చాక అమ్మ దాన్ని దండెం మీద ఆరేస్తే డీజిలు వాసన, పొయ్యి పొగ వాసన, వాటి వెనక తడి ఆకుల వాసన ఒకటి వచ్చేది. ఆ దారి ఎలా ఉంటుందో చూడాలని నాకు అప్పటి నుంచీ ఉంది.

ఇప్పుడు మేం విశాఖపట్నంలో ఉంటున్నాం. నా దగ్గర థార్ ఉంది. డీజిలు బండి, మాన్యువల్ గేర్లు, ఫోర్ వీల్ డ్రైవ్. డిసెంబరులో వారం సెలవు దొరికితే నాన్నను కూడా రమ్మన్నాను. మోకాళ్లు ఒప్పుకోవన్నాడు. "నువ్వెళ్లు. ఎక్కడం ఎవడైనా ఎక్కుతాడు. దిగడం చూసుకో" అన్నాడు. పొద్దున్నే మఫ్లరు తెచ్చి ముందు సీటులో పెట్టాడు.

మొదటి రోజు: విశాఖపట్నం - అరకు

ఆరింటికి పెందుర్తి దాటాను. బంకులో గాలి పట్టిస్తుంటే నాన్న ఫోను: "రోజూ పెట్టే దానికంటే రెండు పాయింట్లు ఎక్కువ పెట్టించు. పైకెళ్లేసరికి అదే తగ్గిపోద్ది." ఆయన అనుభవంతో చెప్పాడు గానీ లెక్క కూడా అంతే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే టైరులో గాలి ఒకటిన్నర నుంచి రెండు పాయింట్లు పడిపోతుంది. విశాఖలో పగలు 28 డిగ్రీలుంటే మన్యంలో తెల్లవారుజామున ఆరేడు. అంటే మనం ముట్టుకోకుండానే మూడు నాలుగు పాయింట్లు పోతాయి.

శృంగవరపుకోట దాటాక కాసేపటికి ఘాట్ మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ. తారు పొడిగా ఉంది కాబట్టి లీవరు టూ హైలోనే, అంటే ఇంజను బలం రెండు చక్రాలకే అందేలా ఉంచాను. కొత్తగా ఇలాంటి బండి కొన్నవాళ్లు కొండ కనపడగానే ఫోర్ వీల్ వేసేస్తారు. థార్ లాంటి బండ్లలో ముందు, వెనక చక్రాల్ని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, అంటే డిఫరెన్షియల్, మధ్యలో ఉండదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరగాల్సిన దూరాలు వేరు. మట్టి మీదైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు, ఆ బిగింపంతా గేర్ల మీద, షాఫ్టుల మీద పడుతుంది. ఫోర్ వీల్ అనేది బురదకి, వదులు రాళ్లకి, జారుడుకి.

డముకు దగ్గర ఒక కారు పక్కకి ఆగి ఉంది. అరకు నుంచి దిగుతున్న కుటుంబం. పిల్లలు కిందికి దిగి ముక్కు మూసుకుని నిలబడ్డారు. బ్రేకులు కాలిన వాసన అంత ఘాటుగా ఉంది. ఆయన నీళ్ల సీసా మూత తీసి చక్రం మీద పోయబోతుంటే వద్దన్నాను. కాలిన డిస్కు మీద చన్నీళ్లు పోస్తే అది వంకర పోవచ్చు, పగలనూ వచ్చు. అరగంట అలా వదిలేస్తే గాలికి అదే చల్లారుతుంది. "టాప్ గేరులో వచ్చారా?" అని అడిగితే అవునన్నట్టు తలూపాడు. పాపం, ఎవరూ చెప్పలేదు ఆయనకి. పెద్ద గేరులో దిగితే బండిని ఇంజను పట్టుకోదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కే కొద్దీ పట్టు తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే బ్రేక్ ఆయిల్ మరిగి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. నాన్న నాకు స్టీరింగ్ ఇవ్వకముందే నేర్పిన మాట ఇది.

గాలికొండ దాటాక కింద ఇనుప ఖనిజం వ్యాగన్లు వెళ్తున్న చప్పుడు చాలాసేపు వినపడింది. బైలదిల్లా గనుల నుంచి విశాఖ రేవుకి ఖనిజం చేర్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస - కిరండూల్ లైను అది. ఈ దారిలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అరకులో రాత్రి 12 డిగ్రీలు. ఆ చలికి ఒక స్వెట్టరు సరిపోయింది.

రెండో రోజు: అరకు - పాడేరు

తక్కువ దూరం. డుంబ్రిగుడ దగ్గర చాపరాయి చూసి, హుకుంపేట మీదుగా మధ్యాహ్నానికే పాడేరు చేరాను. వలిసె పూలు దాదాపు అయిపోయాయి. ఆలస్యంగా విత్తిన రెండు మూడు మడుల్లోనే పసుపు రంగు మిగిలింది.

ఎక్కువసేపు ఆగింది ఒక కాఫీ తోట దగ్గరే. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల పాదులు. ఇది పళ్లు కోసే కాలం. ఒకే కొమ్మ మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాయలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చేత్తోనే ఏరి కోయాలి, అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. కోస్తున్నావిడ ఒక ఎర్ర పండు నా చేతిలో పెట్టి నోట్లో వేసుకోమంది. తోలు పల్చన, కొంచెం తియ్యన. నొక్కగానే జిగురుతో రెండు గింజలు జారి వచ్చాయి, బల్లపరుపు వైపులు రెండూ ఒకదానికొకటి ఆనుకుని. ఆ జిగురు పోగొట్టి ఎండబెట్టడమే సగం పని అందావిడ. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విశాఖలో మనం కప్పు కాఫీకి ఇచ్చే డబ్బులు గుర్తొచ్చి, రోజుకి ఎంత గిడుతుందని అడగడానికి నాకు నోరు రాలేదు.

పాడేరు ఇప్పుడు జిల్లా కేంద్రం. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. మోదకొండమ్మ గుడికి వెళ్లి, ఎనిమిదింటికే పడుకున్నాను. మూడింటికి లేవాలి.

మూడో రోజు: వంజంగి, తర్వాత లంబసింగి

మూడున్నరకి బండి తీశాను. చలిలో డీజిలు బండికి తాళం తిప్పగానే సెల్ఫు కొట్టకూడదు. మీటరులో స్ప్రింగులాంటి పసుపు లైటు ఆరేదాకా రెండు మూడు సెకన్లు ఆగాలి, లోపల గ్లో ప్లగ్గులు వేడెక్కుతాయి. స్టార్టయ్యాక కూడా ఒక నిమిషం ఊరికే ఉంచాను.

అద్దం లోపలి వైపు నా ఊపిరికే మసకేసింది. గుడ్డతో తుడిచిన కొద్దీ మళ్లీ వచ్చింది. హీటరుతో పాటు ఏసీ కూడా వేసి గాలిని అద్దం మీదికి తిప్పితే క్షణాల్లో పోయింది. ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది, హీటరు అద్దాన్ని వేడి చేస్తుంది. చలిలో ఏసీ ఎందుకని చాలామంది వెయ్యరు.

వంజంగి కొండ కింద బండ్లు ఆపే చోటు నుంచి పైకి నడక. సెల్‌ఫోన్ లైట్లతో వరసగా జనం. కాలేజీ కుర్రాళ్లు, చంకలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు. పైన గాలి కోస్తోంది. మఫ్లరు చెవులకి చుట్టుకున్నాను. ఆరు దాటాక తూర్పు ఎర్రబడి, కింద ఏముందో కనపడింది. లోయంతా చెరువు నిండినట్టు మంచు నిండి ఉంది. కొండల కొసలు మాత్రం గట్లలా పైకి తేలాయి. మంచు కదలడం లేదనుకున్నాను. కాసేపు చూస్తే, ఒక గట్టు మీద నుంచి అవతలి లోయలోకి మెల్లగా పొర్లిపోతోంది, పాలు పొంగి గిన్నె అంచు దాటుతున్నట్టు.

మేఘం మనకంటే కింద ఎందుకుంటుందని పక్కన ఒక పిల్లాడు వాళ్ల నాన్నని అడిగాడు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల వేడి తొందరగా పోతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, కొండవాలు వెంట జారి లోయలో చేరుతుంది. లోయలో వాగులు, పొలాల తేమ ఉంటుంది కదా, అది ఆ చలికి మంచవుతుంది. దానిపైన గాలి కాస్త వెచ్చగా ఉండి మూతలా కప్పేస్తుంది. అందుకే ఎండ తగిలి నేల వేడెక్కేదాకా ఆ మంచు లోయ దాటి పోదు. పిల్లాడికి ఇంత చెప్పలేదు, "చల్లగాలి బరువమ్మా, అందుకే కిందికి పోతుంది" అన్నాను. వాడికి అది చాలు.

దిగేటప్పుడు దారి పొడవునా నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు. నా దగ్గరున్న సంచిలో పట్టినన్ని ఏరాను. కొండ మీద ఒక గంట గడిపి కొండకి ఇది మిగిల్చి పోవడం నాకు బాధగా అనిపించింది. మీరు వెళ్తే ఒక ఖాళీ సంచి తీసుకెళ్లండి.

పాడేరు నుంచి జి.మాడుగుల, చింతపల్లి మీదుగా సాయంత్రానికి లంబసింగి. తూర్పు కనుమల్లో బాగా ఎత్తయిన శిఖరాల్లో ఒకటైన అర్మకొండ, 1,680 మీటర్లు, ఈ చుట్టుపక్కలదే. కొత్తపల్లి జలపాతం దగ్గర కాళ్లు తడుపుకుందామని దిగి, నీళ్లు తగలగానే వెనక్కి వచ్చేశాను.

నాలుగో రోజు: ఏడు కిలోమీటర్లు

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోతే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని దానికి అర్థం చెప్తారు. అయిదున్నరకి నా చిన్న థర్మామీటరు అయిదు డిగ్రీలు చూపించింది. టైరు గాలి చూస్తే సరిగ్గా మూడు పాయింట్లు తగ్గింది. టీ కొట్టావిడ నా చుట్టూ, బండి చుట్టూ చూసి, "ఏటమ్మా, ఒక్కదానివే వచ్చీసినావా? బయమెయ్యలేదా?" అంది. పొయ్యి దగ్గరికి పిలిచి పీట వేసింది. ఆ పొగలో కూర్చున్నాక మఫ్లరు వాసనల్లో రెండోది ఇక్కడిదేనని అర్థమైంది.

తొమ్మిదికి చింతపల్లి దాటి, ఆర్వీనగర్ వైపు వెళ్తున్నాను. ఒక పెద్ద పనస చెట్టు కింద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒక ముసలావిడ, ఒక నడివయసావిడ, ఒక పిల్ల. పిల్ల అంటే ఇరవై ఏళ్లుంటాయేమో, ఒళ్లో పసిబిడ్డ. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్తున్నారు. వాళ్లను తెచ్చిన బండి అక్కడి దాకే వచ్చి దించి వెళ్లింది. ఊరు లోపలికి ఏడు కి.మీ. కాసేపు కూర్చుని నడుద్దామని ఆగారట.

నేను దింపుతానంటే నడివయసావిడ బండి వైపు చూసి, "అక్కడికి బండి రాదు మేడమ్. వాగు దగ్గర దించేయండి చాలు" అంది.

మొదటి మూడు కి.మీ. కంకర పరిచిన రోడ్డు. అక్కడితో ఆగిపోయింది. తర్వాత ఎర్రమట్టి దారి. ముందు వారం వానలు పడ్డాయి, ట్రాక్టరు చక్రాల గాళ్లలో నీళ్లు ఇంకా ఉన్నాయి. బండి ఆపి, న్యూట్రల్లో పెట్టి, లీవరు ఫోర్ లోకి, అంటే నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో ఎక్కువ బలంగా తిరిగే గేరులోకి లాగాను. టైర్లలో గాలి 24కి తగ్గించాను. గాలి తగ్గితే టైరు కాస్త పరుచుకుని నేలని ఎక్కువ పట్టుకుంటుంది, కుదుపు కూడా తగ్గుతుంది.

ఇంత బండి కొన్నది దేనికో ఆ నాలుగు కి.మీ.లో నాకు తెలిసింది. ఫోర్ లోలో మొదటి గేరు వేసి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే బండి మనిషి నడకంత వేగంతో తనే పోతుంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. దిగుడులోనూ అంతే వేగం, బ్రేకు ముట్టక్కర్లేదు. రాయి వస్తే ఒక చక్రం మెల్లగా దాని మీదికి ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది. ప్రతి రాయి దగ్గరా నేను అద్దంలో వెనక్కి చూశాను. ఆ పిల్ల రెండు చేతులూ బిడ్డ తల కింద పెట్టి, బండి ఎటు ఒరిగితే తను అటు కాకుండా ఇటు ఒరుగుతోంది. బిడ్డ నిద్ర లేవలేదు.

వాగు దగ్గర దిగి కర్రతో నీళ్లలో నడిచి చూశాను. మోకాలి లోపే, అడుగున గులకరాళ్లు గట్టిగా ఉన్నాయి. నీళ్లు మాత్రం ఎముకలు కొరికేలా ఉన్నాయి. అడుగు చూడకుండా వాగులో బండి దింపకూడదు, పక్కవాడు దాటాడు కదా అని అసలే దింపకూడదు. మొదటి గేరులోనే, మధ్యలో క్లచ్ ముట్టకుండా, నీటిని ముందుకి నెట్టుకుంటూ దాటాం. ముసలావిడ ఏదో అంది, ఆదివాసీ ఒరియాలో. ఆ పిల్ల నవ్వి తెలుగులో చెప్పింది: "మా అత్త పురుడుకి వాగు దాటించి మోసుకెళ్లారంట, తిరిగొచ్చినప్పుడు తనే నడిచి దాటిందంట. ఇలా కూర్చుని దాటడం ఇదే మొదటిసారి అంటోంది."

"మరి నిన్నెలా తీసుకెళ్లారు?" అని అడిగాను.

"డోలీ" అంది.

వార్తల్లో చాలాసార్లు చదివాను. గట్టి వెదురు కర్రకి దుప్పటి కట్టి, అందులో గర్భిణిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాన వేసుకుని, మరో ఇద్దరు మార్చుకోవడానికి వెంట నడుస్తూ అంబులెన్సు ఉన్న చోటికి చేర్చడం. చదివినప్పుడు అదొక వార్త. ఈ రాళ్లు, ఈ వాగు, ఈ ఎక్కుడు చూస్తూ, నొప్పులు పడుతున్న ఈ పిల్లని రాత్రిపూట ఈ చలిలో మోశారని అనుకుంటే నాకు గొంతు పట్టేసింది. నాలుగు కి.మీ. నాకు నలభై నిమిషాలు పట్టింది. వాళ్లకి ఎంతసేపు పట్టిందో అడిగాను. "కోడి కూయకముందు బయల్దేరాం. రోడ్డు ఎక్కేసరికి ఎండొచ్చేసింది" అంది.

ఊరంతా కలిపి ఇరవై ఇళ్లు. ముంగిట్లో టార్పాలిన్ల మీద కాఫీ పళ్లు, ఒక చేటలో రాజ్మా గింజలు. చోడి అంబలి ఇచ్చారు. వద్దంటున్నా రాజ్మా ఒక సంచిలో పోసి బండిలో పెట్టారు. మాటల్లో పడి నాలుగైపోయింది.

తిరిగి వస్తున్నప్పుడు తప్పు చేశాను. డిసెంబరులో అయిదున్నరకే పొద్దుగూకుతుంది, చీకటి పడేలోగా తారెక్కాలని రెండో గేరు వేసి తొందరపడ్డాను. వాగు దాటిన రెండో మలుపులో ఎడమ వెనక టైరు ఒక రాతి అంచుకి ఒరుసుకుంది. బుస్సుమని చప్పుడు. దిగి చూస్తే టైరు పక్క గోడ మీద బొటనవేలంత చీలిక. నేలని తాకే భాగంలో మేకు దిగితే ప్లగ్గు పెట్టి సరిచేయొచ్చు. పక్క గోడ చీలితే ఆ టైరు ఇక పనికిరాదు.

జాకీ పెడితే మెత్తటి మట్టిలోకి దిగిపోయింది. ఏం చేయాలా అని చూస్తుంటే ఇద్దరు కుర్రాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చారు. చప్పుడు ఆగిపోయిందని ఊళ్లో గమనించి పంపారట. వాళ్లే ఒక వెడల్పాటి చెక్క తెచ్చి జాకీ కింద పెట్టారు. పైకెత్తకముందే నట్లు వదులు చేసుకోవాలి, లేకపోతే చక్రం గాల్లో తిరుగుతుంది. ఆ చలికి స్పానరు ఇనుము చేతికి అంటుకుపోతున్నట్టుంది. ఒక నట్టు ఎంతకీ రాలేదు. ఒక కుర్రాడు స్పానరు మీద నిలబడి ఒక్కసారి ఊగాడు, కిర్రుమని వదిలింది. వెనక తలుపుకున్న స్టెప్నీ దింపి బిగించాం. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. బిడ్డని దింపారు కదా మేడమ్ అన్నారు.

ఆర్వీనగర్ దగ్గర సిగ్నల్ వచ్చాక నాన్నకి చెప్పాను. "స్టెప్నీ లేకుండా సీలేరు వెళ్లకు" అన్నాడు. పది నిమిషాలకి మళ్లీ చేశాడు. నర్సీపట్నంలో తెలిసిన టైర్ల షాపులో మాట్లాడాడట, ఉదయం బస్సులో పంపిస్తారు, చింతపల్లిలో తీసుకోమన్నాడు. రాత్రి చింతపల్లిలోనే ఉండిపోయాను.

అయిదో రోజు: చింతపల్లి - సీలేరు

బస్సు తొమ్మిదిన్నరకి వచ్చింది. వెనక మెట్ల దగ్గర గోనె చుట్టిన నా టైరు. సంతకం పెట్టించుకుంటూ కండక్టరు నాన్న పేరు చదివి, "డ్రైవరు గారి అమ్మాయా మీరు?" అన్నాడు. ఆయన కొత్తగా చేరిన రోజుల్లో నాన్న బస్సులో పని చేశాడట. డ్రైవరు సీట్లో ఉన్న కుర్రాడు చూసి నమస్కారం పెట్టాడు. టైరు ఎక్కించి బయల్దేరేసరికి పదకొండు.

గూడెం కొత్తవీధి దాటాక జనం తగ్గిపోయారు. ఒక చెక్‌పోస్టు దగ్గర బండి మొత్తం వెతికారు, ఈ దారిలో అది మామూలే. ధారాలమ్మ తల్లి గుడి దగ్గర ప్రతి బండీ ఆగుతుంది. నేనూ ఆగి కొబ్బరికాయ కొట్టాను. అక్కడి నుంచి అడవి దగ్గరికి వచ్చేస్తుంది. మధ్యాహ్నం రెండింటికి కూడా రోడ్డు మీద ఎండ పడని చోట్లున్నాయి, అక్కడ రాత్రి కురిసిన మంచు ఇంకా ఆరలేదు. కిటికీ దించాను. తడి ఆకుల వాసన గుప్పుమంది. దండెం మీది మఫ్లరులో వచ్చే మూడో వాసన ఇదే. బండి పక్కకి ఆపి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

సీలేరులో జలాశయం గట్టున కూర్చుని ఆ నీళ్ల ప్రయాణం గురించి ఆలోచించాను. ఎగువన మాచ్‌ఖండ్ దగ్గర 120 మెగావాట్ల కరెంటు ఇచ్చి, బలిమెల దాటి, ఇక్కడ 240, డొంకరాయిలో 25, దిగువ సీలేరులో 460 మెగావాట్లు ఇచ్చి శబరిలో కలుస్తుంది, తర్వాత గోదావరి. ఒకే నీటిని మెట్టు మెట్టుకీ వాడుకుంటూ పోతారు. ఈ నీళ్లు ఇన్ని చోట్ల కరెంటిస్తుంటే, నిన్న నేను చూసిన ఊళ్లో ఆసుపత్రికి పోవడానికి వెదురు కర్రే దిక్కు. ఇది నా మనసులోంచి పోలేదు.

రాత్రికి నైట్ హాల్ట్ బస్సు వచ్చింది. గది వెతుక్కుంటానంటే ఆ బస్సు కండక్టరు, "ఎందుకు మేడమ్, మా బస్సు పక్కనే పెట్టుకోండి, మేం ఉంటాం కదా" అన్నాడు. అలాగే చేశాను. వెనక సీటు మడిచి పరుపు వేసుకున్నాను. చలిగా ఉందని ఇంజను ఆన్‌లో ఉంచి హీటరు వేసుకుని పడుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది, పొగలోని విషవాయువు లోపలికి చేరినా వాసన తెలియదు. ఇంజను ఆపేసి, రెండు కిటికీలు వేలెడంత దించి, రెండు దుప్పట్లు కప్పుకున్నాను. పక్క బస్సులో డ్రైవరు సీట్ల మధ్య గోనె పరిచి, దాని మీద దుప్పటి పరిచి, చెప్పులు టైరు పక్కన పెట్టి ఎక్కాడు. లైటు ఆరింది. కాసేపటికి దగ్గు వినపడింది. మా నాన్న ఎన్నో రాత్రులు ఇక్కడ ఇలాగే పడుకున్నాడు. మేం ఇంట్లో ఫ్యాను కింద పడుకున్నాం.

ఆరో రోజు: దిగడం

తెల్లవారుజామున నాలుగున్నరకి బస్సు స్టార్టయిన చప్పుడుకి లేచాను. దాని వెనకే బయల్దేరాను. మంచులో లైట్లు హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. లో బీమ్ వేసి, ఎడమ అంచు చూసుకుంటూ, బస్సు వెనక ఎర్ర లైట్లకి దూరంగా నడిపాను. ఒక ఇరుకు మలుపులో కింది నుంచి లారీ వస్తుంటే బస్సు ముందే ఆగిపోయింది. కొండ దారిలో ఎక్కే బండికి దారివ్వాలి, అది ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం. లారీ డ్రైవరు పోతూ చెయ్యి ఊపాడు. రెండు, మూడు గేర్లలోనే మొత్తం దిగాను.

లంబసింగి ఘాట్ దిగాక డౌనూరు దగ్గర ఆపి, రిమ్ము దగ్గర అరచెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే. నాన్నకి ఫోన్ చేసి ఆ ఒక్క మాటే చెప్పాను.

తర్వాత కృష్ణదేవిపేట వైపు తిప్పాను. అల్లూరి సీతారామరాజు సమాధి అక్కడుంది, పక్కన ఆయన అనుచరుడు గాం గంటందొరది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లారు. 1924 మే 7న బ్రిటిషు వాళ్లు సీతారామరాజుని చంపేశారు. ఆ తిరుగుబాటుకి పోడు మీద ఆంక్షలు అందరికీ తెలిసిన కారణం. రెండోది రోడ్డు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం రోడ్ల పనికి కొండవాళ్లను లాక్కెళ్లి, సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. కొండల్లోకి రోడ్లు వేసింది వాళ్ల చేతులే. వందేళ్లు దాటినా పనస చెట్టు దగ్గర ఆ రోడ్డు మూడు కి.మీ. వెళ్లి ఆగిపోయింది.

నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా సాయంత్రం ఆరింటికి ఇల్లు. నాన్న గేటు దగ్గరే ఉన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బురద పట్టిన స్టెప్నీ చక్రం దగ్గర ఆగాడు.

"ఇదెక్కడ పోయింది?"

"ఆర్వీనగర్‌కి ఇవతల, పనస చెట్టు దగ్గర నుంచి లోపలికి వెళ్లాను నాన్నా."

"పనస చెట్టు స్టాపు" అన్నాడు వెంటనే. "రాత్రిపూట అక్కడ దిగి నడిచెళ్లిపోయేవాళ్లు, లైటు కూడా లేకుండా. రోడ్డు పడిందా?"

"సగం."

"మరి ఆసుపత్రికి?"

"డోలీలోనే."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అంతవరకూ ఇంట్లో ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. ఒకసారి తెల్లవారుజామున సీలేరు నుంచి దిగుతుంటే ఆ చెట్టు దగ్గర డోలీతో నలుగురు చెయ్యి ఎత్తారట. డోలీ అలాగే బస్సులోకి ఎక్కించి, సీట్ల మధ్య ఇద్దరు పట్టుకుని నిలబడితే, చింతపల్లి ఆసుపత్రి దాకా మరెక్కడా ఆపకుండా తీసుకెళ్లాడట. దారిలో స్టాపుల్లో నిలబడ్డవాళ్లు తిట్టుకున్నారట.

"ఏమైంది నాన్నా మరి?"

"ఆడపిల్ల" అన్నాడు. "బానెట్ తియ్యి, ఆయిల్ చూద్దాం."